లాక్ అంటే తాళమేనా? ఒక ఇంగ్లీషు మాటను అన్ని అర్థాలతో నేర్చుకోవడం ఎలా

"మా అమ్మాయికి అర్థాలన్నీ నోటికొచ్చండీ. కానీ ఆ మాటే పాఠంలో వస్తే ఆగిపోతుంది. ఏం చేయమంటారు?" ట్యూషన్ అయ్యాక పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చే అమ్మానాన్నలు దాదాపు ప్రతి ఏడాదీ నన్ను ఇదే అడుగుతారు. ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లూ వేరే మాటల్లో ఇదే అడుగుతారు. అందుకే ఒక్క మాట తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలో రాస్తున్నాను. ఆ మాట లాక్. ఎల్, ఓ, సీ, కే.

ఈ మాటనే ఎంచుకోవడానికి కారణం ఉంది. నేను ఆరో తరగతిలో ఉండగా పాఠంలో "ది బోట్ వెయిటెడ్ ఇన్ ది లాక్" అనే వాక్యం వచ్చింది. "పడవ తాళంలో ఆగి ఉంది" అని రాశాను. మా ఇంటికి లాకులు, అంటే కాలువలో పడవల్ని ఎత్తు నుంచి పల్లానికి దించే కట్టడం, కూతవేటు దూరం. రోజూ లాకుల మీదుగానే బడికి వెళ్లేవాణ్ణి. "లాకుల దగ్గర ఉన్నా" అని రోజుకు నాలుగుసార్లు అనేవాణ్ణి. పుస్తకంలో ఉన్న లాకూ, మా కాలువ మీద ఉన్న లాకూ ఒకటేనని నాకు తట్టలేదు, ఎవరూ చెప్పలేదు. గోదావరి డెల్టాలో పుట్టిన పిల్లలకు ఈ ఇబ్బంది రాకూడదని నా కోరిక.

కావలసినవి

- రూళ్ల నోటు పుస్తకం. ఒక్కో మాటకు ఎదురెదురుగా ఉన్న రెండు పేజీలు కేటాయించండి.
- తాళంచెవితో సహా ఒక తాళంకప్ప.
- అర్థాలకు అంకెలు వేసి, ప్రతి అర్థానికీ వాక్యం ఇచ్చే ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువు. పుస్తకమైనా, ఫోన్‌లోదైనా ఫర్వాలేదు.
- లాకుల దగ్గరికి వెళ్లడానికి ఒక సాయంత్రం.
- రోజుకు ఇరవై నిమిషాల చొప్పున ఒక వారం.

ఒక హెచ్చరిక: ఫోన్‌లో అనువాదం యాప్ తెరిచి "లాక్" కొట్టి, వచ్చిన ఒక్క మాటతో ఆగిపోకండి. దానికి వాక్యం ఇవ్వకపోతే అది ఎక్కువగా వాడే అర్థాన్నే ముందు చూపిస్తుంది. పిల్లలు ఆ ఒక్కదాన్నే బట్టీ పడతారు. గొడవ అక్కడే మొదలవుతుంది.

1. ముందు తెలుగు మాటతో మొదలుపెట్టండి

మొదటి రోజు ఇంగ్లీషు ముట్టుకోవద్దు. పిల్లకు ఈ మూడు వాక్యాలు చెప్పండి: "ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలుగా చీలుతుంది." "అమ్మ మూడు పాయలు తీసి జడ వేసింది." "పులుసులోకి రెండు ఉల్లిపాయలు కోయి." మూడింట్లోనూ పాయ ఉంది. పిల్ల ఎక్కడా తడబడదు. అప్పుడు అడగండి: "ఏ పాయ ఏదో నీకెలా తెలిసింది?"

కాసేపు ఆలోచించి తనే చెబుతుంది. గోదావరి అన్నారు కాబట్టి, జడ అన్నారు కాబట్టి, పులుసు అన్నారు కాబట్టి. పక్కనున్న మాటే అర్థం చెప్పిందన్నమాట. ఈ వారమంతా మనం చేసే పని ఇదే. పిల్ల ఈ జవాబు తన నోటితో చెప్పేదాకా రెండో మెట్టుకు వెళ్లకండి. మీరే చెప్పేస్తే లాభం లేదు.

2. తాళమూ తాళంచెవీ విడదీయండి

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి కాబట్టి దీనికి రెండు రోజులు ఇవ్వండి.

మనం ఇంట్లో "తాళం" అనే ఒక్క మాటతో రెండు వస్తువుల్నీ పిలుస్తాం. "తలుపుకు తాళం వేశావా?" అంటే కప్ప. "బండి తాళాలు ఎక్కడ పెట్టావు?" అంటే చెవులు. "తాళం పోయింది" అంటే నూటికి తొంభైసార్లు పోయింది తాళంచెవే. తెలుగులో దీంతో ఇబ్బంది లేదు, వినేవాడికి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో మాత్రం లాక్ అంటే బిగించేది, కీ అంటే తీసేది. రెండూ ఎప్పుడూ కలవవు. "ఐ లాస్ట్ మై బైక్ లాక్" అని చెబితే, వినేవాళ్లు చక్రానికి వేసే గొలుసు తాళం పోయిందనుకుంటారు.

చేయాల్సింది ఇది. తాళంకప్పను పిల్ల ఎడమ చేతిలో, చెవిని కుడి చేతిలో పెట్టండి. మీరు తెలుగు వాక్యం చెప్పాలి, తను ఆ చెయ్యి ఎత్తాలి.

"తాళం తుప్పు పట్టింది, నూనె వెయ్యి." ఎడమ.
"పక్కింటి పిన్నిగారికి తాళం ఇచ్చి వచ్చాను." కుడి.
"దొంగలు తాళం పగలగొట్టారు." ఎడమ.
"తాళం కిటికీలో పెట్టాను, తీసుకో." కుడి.
"తాళాల గుత్తి మొలలో దోపుకుంది." కుడి.

ఇలా పదిహేను, ఇరవై వాక్యాలు చెప్పండి. చెయ్యి తడబడకుండా లేచాక, అదే వాక్యంలో కుడి చేతికి కీ, ఎడమ చేతికి లాక్ పెట్టి ఇంగ్లీషులో చెప్పించండి. తాళంకప్పకు ప్యాడ్‌లాక్ అని వేరే పేరుంది. తలుపులోనే బిగించి ఉన్నదాన్ని ప్యాడ్‌లాక్ అనరు, ఉత్త లాక్ అంటారు. లాక్ అంటే రెంటికీ సరిపోతుంది కాబట్టి, అనుమానం వస్తే లాక్ అనేయడం మంచిది.

ఇంకో చిన్న సంగతి. "ఈ తాళానికి చెవి" అనడానికి "ది కీ టు దిస్ లాక్" అంటారు. మన పిల్లలు "కీ ఆఫ్ ది లాక్" అని రాస్తారు. తాళం"కు" చెవి అని గుర్తుపెట్టుకోమనండి, "టు" దానంతటదే వస్తుంది.

3. గడియ, గొళ్ళెం లాక్ కావు

"రాత్రి గడియ పెట్టి పడుకో" అన్నదాన్ని "లాక్ ది డోర్" అని రాస్తున్నారు. గడియ అంటే బోల్ట్, గొళ్ళెం అంటే లాచ్. చెవితోనో నంబరుతోనో, ఫోన్‌లోలా వేలిముద్రతోనో తీయాల్సి వస్తేనే లాక్. చేత్తో లాగితే వచ్చేస్తే లాక్ కాదు. ఇంగ్లీషువాళ్లూ మాటల్లో దీన్ని కాస్త అటూ ఇటూగా వాడేస్తారు గానీ, నేర్చుకునేటప్పుడు ఈ గీత ఉంచుకోవడమే మేలు. ఇంట్లో ఉన్న తలుపులన్నీ ఒకసారి తిరిగి, దేనికి ఏముందో నోటు పుస్తకంలో రాయించండి. పది నిమిషాల పని.

4. లాకుల దగ్గరికి తీసుకెళ్లండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇది. కోనసీమ వాళ్లయితే ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులకు వెళ్లండి. తూర్పు డెల్టా వాళ్లకు ధవళేశ్వరం, పశ్చిమ డెల్టా వాళ్లకు విజ్జేశ్వరం ఉన్నాయి. అంత దూరం అక్కర్లేదు, మీ ఊరి కాలువ వెంబడి వెళితే ఎక్కడో ఒకచోట లాకులు తగులుతాయి.

అక్కడ పిల్లకు చూపించాల్సింది ఏమిటంటే, కాలువ నీళ్లు అన్నిచోట్లా ఒకే మట్టంలో ఉండవు. ఎగువన ఎత్తు, దిగువన పల్లం. నీటికి ఫర్వాలేదు, దూకేస్తుంది. పడవ ఎలా దిగాలి? అందుకని మధ్యలో రాతికట్టుతో పొడవాటి గది కట్టి, దానికి ఎగువన ఒక జత, దిగువన ఒక జత తలుపులు పెట్టారు. ఎగువ తలుపులు తీసి పడవను గదిలోకి రానిస్తారు. ఆ తలుపులు మూస్తారు. గదిలోని నీటిని చిన్న షట్టర్ల గుండా దిగువకు వదులుతారు. నీటితో పాటు పడవా మెల్లగా దిగుతుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యాక దిగువ తలుపులు తెరుస్తారు, పడవ వెళ్లిపోతుంది. పైకి వచ్చే పడవకు ఇదే పని తిరగేసి చేస్తారు. మోటారు లేదు, పంపు లేదు, అంతా నీటి బరువే. రెండు జతల తలుపులూ ఒకేసారి తెరవరు. ఈ గదినే ఇంగ్లీషులో లాక్ అంటారు.

ధవళేశ్వరం ఆనకట్టను ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెడితే 1852లో పూర్తయింది. దాని కింద తవ్విన కాలువలు చేలకు నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. ధాన్యం, కొబ్బరికాయలు, మనుషులు అన్నీ కాలువల మీదే వెళ్లేవి. పడవల కోసమే ఆ లాక్‌లు కట్టారు. ఆ మాట మన నోట్లో పడి లాకు అయింది, లాకులు అయింది. పడవలు పోయినా మాట మిగిలింది. మీ తాతయ్యో, అమ్మమ్మో లాంచీలో లాకులు దాటిన మనుషులైతే, ఈ మెట్టులో వాళ్లనే పక్కన కూర్చోబెట్టండి. నేను రాసిన దానికన్నా బాగా చెబుతారు.

ఇక్కడ పెద్దవాళ్లూ చేసే తప్పు ఒకటుంది. ఇప్పుడు మనం కాలువకు అడ్డంగా ఉన్న మొత్తం కట్టడాన్ని లాకులు అంటున్నాం. నీటిని పంచడానికి ఎత్తీ దించే షట్టర్ల వరసను కూడా లాకులే అంటాం. ఇంగ్లీషులో ఆ వరసను రెగ్యులేటర్ అంటారు. లాక్ అంటే పడవ దాటే గది మాత్రమే. కాబట్టి "లాకుల దగ్గర నీళ్లు వదిలారు" అన్నదాన్ని ఇంగ్లీషులో రాసేటప్పుడు రెగ్యులేటర్ అని రాయాలి. "పడవ లాకులు దాటింది" అంటే లాక్ సరైన మాట. తెలుగు లాకులు పెద్దది, ఇంగ్లీషు లాక్ దాంట్లో ఒక ముక్క.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు వెళితే ఇంకా మంచిది. నీళ్లు లేనప్పుడు రాతికట్టు, తలుపులు ఆనే గాడి కంటికి కనబడతాయి. నీళ్లున్నప్పుడు వెళితే పిల్లను చెయ్యి వదలకండి. గట్టు రాళ్ల మీద నాచు ఉంటుంది, షట్టర్ల దగ్గర సుడి ఉంటుంది. తలుపుల మీద నడవనివ్వద్దు. లస్కరు, అంటే కాలువ షట్టర్లు చూసుకునే మనిషి, కనబడితే "బాబాయ్‌గారూ, ఇది ఎలా తెరుస్తారండీ?" అని పిల్లతోనే అడిగించండి. ఆ పని చేసే మనిషి నోటి నుంచి విన్నది మరిచిపోరు.

వెళ్లడం కుదరకపోతే లిఫ్టుతో పోల్చి చెప్పండి. మనుషులకు లిఫ్టు ఎలాగో, పడవకు లాకు అలాగ.

5. జుట్టు లాక్

"ఎ లాక్ ఆఫ్ హెయిర్" అంటే జుట్టు పాయ, కుచ్చు. "లాక్స్" అని బహువచనంలో కవిత్వంలో వస్తే కురులు, నుదుటి మీద పడితే ముంగురులు. మొదటి రోజు జడపాయ చెప్పుకున్నాం కదా, అదిక్కడ పనికొస్తుంది.

తాళానికీ జుట్టుకూ ఏం సంబంధమని పిల్ల అడుగుతుంది. ఏమీ లేదు. అవి రెండూ వేర్వేరు మాటలు, రూపం మాత్రం ఒకటైంది. మన సంగీతంలో తాళం, తలుపు తాళం లాగే. నిఘంటువులో ఇది ఎలా తెలుస్తుందో చూపించండి: చాలా నిఘంటువుల్లో లాక్ అనే మాట పైన చిన్న 1, చిన్న 2 అని వేసి రెండుసార్లు విడివిడిగా ఇస్తారు. ఆ చిన్న అంకె ఉంటే వేరే మాట అని. ఒకే మాట కింద 1, 2, 3 అని వరసగా ఉంటే ఒకే మాటకున్న అర్థాలని. ఈ తేడా తెలిస్తే నిఘంటువు సగం వచ్చినట్టే.

6. తోడు మాటల పట్టిక రాయండి

ఎడమ పేజీలో అర్థం, కుడి పేజీలో ఆ అర్థంతో పాటు కనబడే మాటలు. ఇలా:

తాళం: డోర్, కీ, డ్రాయర్, బ్రేక్, చేంజ్.
లాకు: బోట్, కెనాల్, వాటర్, లెవెల్, గేట్స్.
జుట్టు పాయ: హెయిర్, కర్ల్, ఫోర్‌హెడ్.
కుస్తీ పట్టు: ఆర్మ్, నెక్, రెజ్లర్.
ఫోన్ లాక్: స్క్రీన్, ప్యాటర్న్, ఫింగర్‌ప్రింట్.
బండి స్టీరింగ్ ఎంతవరకు తిరుగుతుందో చెప్పే లాక్: వీల్, ఫుల్, టర్న్.

రగ్బీ ఆటలో ఒక ఆటగాడి స్థానాన్ని కూడా లాక్ అంటారు. అది వస్తే అప్పుడు చూసుకోవచ్చు.

ఇందులో గేట్ దగ్గర జాగ్రత్త. గేట్ తాళంతోనూ వస్తుంది, లాకుతోనూ వస్తుంది. "గేట్ లాక్" అంటే గేటుకున్న తాళం. "లాక్ గేట్" అంటే లాకు తలుపు. ఇలా రెండు నామవాచకాలు పక్కపక్కన వస్తే, చివరిది ఏదో వస్తువు అదే. తెలుగులోనూ అంతే కదా, పాలగ్లాసు అంటే గ్లాసు, గ్లాసుపాలు అంటే పాలు. కోనసీమలోని దిండి ఊళ్లో ఎక్కేది హౌస్‌బోట్, కాబట్టి అది బోటు. బోట్‌హౌస్ అంటే పడవలు పెట్టే ఇల్లు. ఈ ఒక్క సూత్రం వందల జంట మాటలకు పనికొస్తుంది. అందుకే ఇంట్లో కనబడే వస్తువులతో పది జంటలు చేయించండి.

7. పేపర్లో, వీధిలో వినబడేవి

వీటికి పేజీ చివర చోటు వదలండి. దొరికినప్పుడల్లా చేర్చుకుంటూ పోవచ్చు.

లాకర్ అంటే బ్యాంకులో నగలు పెట్టుకునే అర. లాకప్ అంటే పోలీస్ స్టేషన్‌లో నిర్బంధించే గది. లాకౌట్ అంటే యాజమాన్యం ఫ్యాక్టరీ మూసి కార్మికుల్ని లోపలికి రానివ్వకపోవడం. కార్మికులు పని మానేస్తే అది సమ్మె, లాకౌట్ కాదు. ఈ రెంటినీ కలిపేసి పరీక్షల్లో మార్కులు పోగొట్టుకుంటున్నారు. లాక్‌డౌన్ 2020 మార్చి 25 నుంచి దేశమంతా అనుభవించాం కాబట్టి వివరం అక్కర్లేదు. డెడ్‌లాక్‌కు మన పేపర్లు ప్రతిష్టంభన అని రాస్తాయి. లాక్‌జా అంటే దవడ బిగుసుకుపోవడం, ధనుర్వాతానికి వాడుక పేరు. పైపులో గాలి చేరి మోటారు నీళ్లు లాగకపోతే ఎయిర్ లాక్ అంటారు, రైతుల పిల్లలకు ఇది చెప్పక్కర్లేదు. మెడలో వేసుకునే లాకెట్ కూడా ఈ కుటుంబంలోదే.

ఒకటి మాత్రం మోసం చేస్తుంది. వెడ్‌లాక్ అంటే వివాహ బంధం. పెళ్లి అంటే తాళం వేసినట్టే కాబట్టి ఆ మాట వచ్చిందని కొందరు చెబుతుంటారు. అది తప్పు. అందులో ఉన్న లాక్ పాత ఇంగ్లీషులోని ఒక ప్రత్యయం, తాళంతో సంబంధం లేదు. కనబడిన ప్రతి లాక్‌నూ విడగొట్టి అర్థం చెప్పకండి.

నుడికారాలు రెండు చాలు. "అండర్ లాక్ అండ్ కీ" అంటే తాళం వేసి భద్రంగా ఉంచడం. "లాక్, స్టాక్ అండ్ బ్యారెల్" అంటే మొత్తం, ఏదీ మిగల్చకుండా. పాత తుపాకీలో ఉండే మూడు భాగాల పేర్లు అవి. "మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు" అన్న చోట అది కుదురుతుంది. రెండో దాంట్లో తాళం ఊసే లేదు.

8. పలుకు, స్పెల్లింగ్

తెలుగు లిపిలో రాసుకుని నేర్చుకునేవాళ్లు లాక్, ల్యాక్, లక్, లేక్ నాలుగింటినీ కలిపేస్తారు. తాళం, లేమి, అదృష్టం, సరస్సు. నాలుగు చీటీల మీద నాలుగు స్పెల్లింగులు రాసి, మీరు పలికితే పిల్ల చీటీ తీయాలి. తర్వాత తను పలకాలి, మీరు తీయాలి. మీరు తప్పు చీటీ తీశారంటే తన పలుకు సరిగా లేదని తనకే తెలుస్తుంది.

9. వచ్చిందో లేదో చూసుకోండి

"లాక్ అంటే ఏమిటి?" అని అడగవద్దు. ఆ ప్రశ్నకు జవాబు వచ్చినా ఏమీ తెలియదు. ఈ ఏడు వాక్యాలనూ ఇంగ్లీషులోకి మార్చమనండి, ఎక్కడ లాక్ వస్తుంది, ఎక్కడ రాదు అన్నదే చూడండి.

అ) బీరువా తాళం ఎక్కడో పడిపోయింది.
ఆ) బీరువా తాళం పాడైంది, కొత్తది వేయించాలి.
ఇ) మా తాతయ్య లాంచీ లాకుల్లో అరగంట ఆగేది.
ఈ) వర్షాలకు లాకుల షట్టర్లన్నీ ఎత్తేశారు.
ఉ) లోపల గడియ పెట్టుకుంది.
ఊ) ఆవిడ నుదుటి మీద ఒక పాయ జారింది.
ఋ) ఇక్కడ గోదావరి రెండు పాయలుగా చీలింది.

లాక్ వచ్చేవి ఆ, ఇ, ఊ మాత్రమే. అ లో కీ, ఈ లో రెగ్యులేటర్ గేట్లు, ఉ లో బోల్ట్, ఋ లో బ్రాంచ్. ఊ, ఋ రెంటికీ లాక్ రాస్తే మొదటి మెట్టు సరిగా పడలేదని అర్థం. కోప్పడకుండా వెనక్కి వెళ్లండి. అ లో లాక్ రాస్తే రెండో మెట్టులో చేతుల ఆట ఇంకో రెండు రోజులు ఆడించండి. పెద్దవాళ్లయితే కాగితం మీద రాసుకున్నా చాలు.

పదిహేను రోజుల తర్వాత, చెప్పాపెట్టకుండా, ఇదే పరీక్ష మళ్లీ పెట్టండి. అప్పుడు ఐదు సరిగ్గా వస్తే నోటు పుస్తకంలో తర్వాతి రెండు పేజీలు తిప్పి, పైన బ్యాంక్ అని రాయించండి. ఆ మాటకు లాకుల దాకా వెళ్లక్కర్లేదు, ఏటిగట్టు ఎక్కితే చాలు.